ఫుజి పందిరికి ఇరవై బస్తాలు

కురమోచి తొకుజికి అరవై మూడేళ్లు వచ్చినా "వద్దు" అన్న మాట ఒక్కసారి కూడా ఆయన నోటి నుంచి రాలేదని భార్య హత్సుయె అందరికీ చెబుతుంది. "నన్ను చేసుకున్నది మాత్రం ఎందుకనుకున్నారు? చూపులకి వచ్చి, వద్దనలేక" అని తనే నవ్వుతుంది. అది అబద్ధమని చెప్పడానికి కూడా ఆయనకు మొహమాటమే.

తొకుజిది రేవు పేటలో క్షౌరశాల. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, వేడినీళ్ల పొయ్యి. దుకాణాన్ని ఆనుకుని పేట సంఘం వారి సమావేశాల ఇల్లు, ఆ ఇంటి ముందు ఫుజి అనే పూలతీగ పందిరి. తొకుజి ముత్తాత ఎగువ కొండల నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన మొలక అది. ఇప్పుడు దాని మొదలును ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందదు. మే నెల రాగానే ఊదారంగు గుత్తులు మూరలకు మూరలు వేలాడేవి. పేటంతా కింద చాపలు పరుచుకుని, అన్నం ముద్దలూ బియ్యపు సారా సాకే సీసాలూ ముందేసుకుని, తుమ్మెదలతో పాటు తలలు ఊపేవారు. నాలుగు తరాలుగా ఆ తీగకు కాపరులు కురమోచి వాళ్లే. జీతం లేదు. రాలిన పూలన్నీ ఊడ్చుకునే హక్కు మాత్రం ఉంది.

తొకుజి తండ్రి కనెమత్సు పేటలో మంచివాడని పేరు తెచ్చుకున్న మనిషి కాదు. ఉన్న మాట ముఖం మీద అనేసేవాడు. తీగ పెంచడంలో ఆయన పద్ధతీ అంతే. "ఇది చిక్కుడు వంశంరా. దీని ఎరువు ఇదే వేళ్లలో వండుకుంటుంది. నువ్వు తిండి పెట్టావో, ఆకులు కప్పుకుని పడుకుంటుంది. కాస్త మాడిస్తేనే దీనికి పిల్లాజెల్లా గుర్తొచ్చి పువ్వేస్తుంది" అని కొడుక్కి చెప్పేవాడు. కొన్నేళ్లకోసారి జూన్ వానలకు ముందు, మొదలు నుంచి నాలుగడుగుల దూరంలో గుండ్రంగా కందకం తవ్వి, అడ్డొచ్చిన వేరునల్లా పారతో నరికేవాడు. చిన్నప్పుడు అది చూసి తొకుజి ఏడ్చాడు. మరుసటి మే నెలలో గుత్తులు చూసి నోరు తెరిచాడు. యుద్ధం చివరి ఏడాది, పేటవాళ్లు చిలగడదుంప తీగల కాడలు ఉడకబెట్టుకుని తిన్న ఆ వసంతంలో, ఫుజి ఎన్నడూ లేనంతగా విరగబూసింది. కింద చాప వేయడానికి మాత్రం ఎవరికీ మనసొప్పలేదు.

తండ్రి పోయాక తొకుజి ఆయన చెప్పినట్టే తీగను మాడ్చి, కోసి, నరికి, ఏటేటా పూయించాడు. నెమొతో గెన్‌జో పేట సంఘానికి అధ్యక్షుడు అయ్యేదాకా అంతా సవ్యంగానే నడిచింది.

గెన్‌జోది విత్తనాలూ ఎరువుల కొట్టు. తొకుజితో కలిసి బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాడు. ఆ బల్లలో ముప్పాతిక భాగం ఆయనే ఆక్రమించేవాడు. అధ్యక్షుడైన మర్నాడే ఫుజి తీగకు ఏటా ఇరవై బస్తాల ఎరువు విరాళం ప్రకటించాడు. ఆవచెక్క పది, ఫ్యాక్టరీ ఎరువు పది. పందిరి పక్కన గుమ్మమంత ఎత్తు చెక్కబోర్డు నిలబెట్టి, "నెమొతో గెన్‌జో, ఇరవై బస్తాలు" అని నల్లటి సిరాతో రాయించాడు. ఫుజి కాపరిని పిలిచి, "ఏమయ్యా తొకుజీ, సంతోషమేనా?" అని అడిగాడు.

వద్దనే మాట తొకుజి గొంతు దాకా వచ్చింది. అక్కడ దారి తప్పింది. "చాలా శ్రమ తీసుకున్నారు అధ్యక్షులవారూ, ధన్యులం" అన్నది బయటికి వచ్చింది.

మొదటి ఏడాది పూలు సగానికి తగ్గాయి. రెండో ఏడాది గుప్పెడు. మూడో ఏడాది నుంచి ఒక్కటీ లేదు. ఆకులు మాత్రం అడక్కండి. పందిరి మీద అడవి లేచింది. మిట్టమధ్యాహ్నం కింద కూర్చుంటే చేతిలో ఉన్నది అన్నం ముద్దో కాదో తెలిసేది కాదు. ఇంత పచ్చగా, ఇంత బలంగా ఉన్న తీగను చూసి పేట పెద్దలంతా తల పంకించి, పాపం నీరసించిపోయింది, ఇంకా బలం కావాలి అని తేల్చారు.

ఇక మొదలైంది. టోఫూ కొట్టువాడు సోయా పిప్పి తెచ్చి పోశాడు. చేపలావిడ పేగులు పాతిపెట్టింది. ఫుజికి సాకే అంటే ప్రాణమని తాతల నాటి నుంచి అందరికీ తెలుసు కనుక, సంఘ సభ్యులు తలా ఒక పెద్ద సీసా, కాగితం చుట్టి, పేరు రాసి మరీ తెచ్చారు. మొదట్లో ఒక గిన్నెడు పోసి, మిగతాది తీగ ఒంటరిగా తాగితే చిన్నబుచ్చుకుంటుందని వాళ్లే కూర్చుని పూర్తిచేశారు. ఆ సాయంత్రాలు వాళ్లలో ఏ ఒక్కరూ నీరసంగా కనిపించలేదు.

కానుక పుచ్చుకుంటే బదులు కానుక ఇవ్వకపోవడం మా వైపు పెద్ద తప్పు. కాపరి తొకుజి కనుక ఇవ్వాల్సింది తొకుజే. ఇవ్వడానికి ఆయన దగ్గర ఉన్నది కత్తెర. సోయా పిప్పి తెచ్చినవాడికి ఒక క్షవరం, పేగులు తెచ్చినావిడ మొగుడికి ఒకటి, సాకే తెచ్చిన ప్రతివాడికీ క్షవరంతో పాటు గడ్డం కూడా. బదులు ఇంత బాగుందని తెలిశాక కానుకలు ఇంకా పెరిగాయి. పేటలో తలలన్నీ నున్నగా మెరుస్తుంటే తీగ ఒక్కటే జడలు పెంచుకుని కూర్చుంది.

గెన్‌జో ప్రతి శనివారం గడ్డానికి వచ్చేవాడు. కుర్చీ వెనక్కి వాల్చి, మెడ పైకెత్తి, కళ్లు మూసుకుని అడిగేవాడు.

"ఏమంటోందయ్యా మన ఫుజి? ఎరువు అరిగించుకుంటోందా?"

"బాగా అరిగించుకుంటోందండీ."

"మరి పువ్వేదీ?"

"అదేనండీ... కొంచెం... ఆ ఎరువు బహుశా..."

"చాలట్లేదంటావా? అదే అనుకున్నా. మొహమాటపడకయ్యా. వచ్చే ఏడు చెక్క ఇంకో రెండు బస్తాలు కలుపుతా."

"ధన్యులం."

ఆయన వెళ్లాక లోపలి నుంచి హత్సుయె వచ్చి, తడి తువ్వాలు పిండుతూ నిలబడేది.

"చేతిలో కత్తి మీది. ముందున్న మెడ ఆయనది. ఇంతకంటే మంచి అదను ఎవడికి దొరుకుతుందండీ? ఒక్క ముక్క చెప్పలేకపోయారు."

"గడ్డం గీసేటప్పుడు మనిషిని కంగారు పెట్టకూడదే."

"అవునవును, ఆయన కంగారు పడకూడదు. తీగ చచ్చినా పర్లేదు."

ఆరో ఏడు మే నెల కూడా పువ్వు లేకుండానే దాటిపోయింది. ఆ నెలాఖరున సంఘం సమావేశమైంది. ఊళ్లోకి కార్లు కొత్తగా దిగుతున్న రోజులు. గెన్‌జో తెల్ల కారు ఒకటి కొన్నాడు, పెట్టుకోవడానికి చోటు లేదు. పందిరి తీసేస్తే పన్నెండు కార్లు పట్టే చోటు వస్తుందని ఆయన కాగితం మీద గీసి చూపించాడు. పేటలో ఉన్నది ఆ ఒక్క కారే. మిగతా పదకొండు త్వరలో వస్తాయన్నాడు.

"నూరు బస్తాలకి పైగా తిన్నది. ఒక్క పువ్వు రాల్చలేదు. కృతజ్ఞత లేని మొక్కని ఎన్నాళ్లు మోస్తాం?" అన్నాడు గెన్‌జో. "అయినా కురమోచి వారి పూర్వీకుల మీద గౌరవం కొద్దీ ఇంకొక్క ఏడాది చూద్దాం. వచ్చే మే నెలకి పూయకపోతే రంపం. ఏం తొకుజీ, నీకేమైనా అభ్యంతరమా?"

అందరూ తొకుజి వైపు తిరిగారు. అందరి తలలూ ఆయన చేత్తో కత్తిరించినవే.

"అబ్బే" అన్నాడు తొకుజి.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కూడా కొట్టాడు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు. నాలుగు తరాలు చూసుకున్న తీగ తన చేతిలో పోతోంది, అదీ ఎవరి ముఖమో చిన్నబోతుందని. అదే ఆయనకు సిగ్గు.

హత్సుయె ఈసారి ఎగతాళి చేయలేదు. "రేపు పొద్దున్నే వెళ్లి చెప్పండి. మీ ఎరువే పూలు రానివ్వట్లేదని" అంది.

"బోర్డు మీద ఆరేళ్ల నుంచి పేరుందే ఆయనది. ఇప్పుడు ఆ మాటంటే ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు?"

"అయితే ఆయన ముఖం మిగుల్తుంది, మన తీగ పోతుంది. మీ నాన్న ఉంటేనా, ఆ పారతో..." అని హత్సుయె ఆగిపోయింది.

తొకుజి గిన్నె పక్కన పెట్టి గోడ కేసి చూశాడు. గోడకు తండ్రి పార తగిలించి ఉంది.

మర్నాడు గెన్‌జో కొట్టుకు వెళ్లి, నడుం వంచి నమస్కరించి, తొకుజి తన జీవితంలోకెల్లా పొడుగైన ప్రసంగం చేశాడు. "అధ్యక్షులవారూ, తప్పంతా నాదేనండీ. మీరిచ్చిన శ్రేష్ఠమైన సరుకుని ఇన్నాళ్లూ పైపైన చల్లేశాను. అలాంటి ఎరువుకి అది మర్యాదేనా? తీగ చుట్టూ లోతుగా కందకం తవ్వి, కింద మంచి పరుపు వేసి, అప్పుడు పెట్టాలి. తవ్వకానికి మొదటి పార వేయాల్సిన చెయ్యి మీదే. ఇంకెవరేసినా బాగుండదు."

గెన్‌జోకు ఈ ఆలోచన తనదే అనిపించడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. పత్రిక వాణ్ని పిలిపిస్తానన్నాడు.

జూన్ మొదటి ఆదివారం, వానలకు ముందు, పేటంతా పందిరి కింద చేరింది. గెన్‌జో కొత్త తెల్ల చేతితొడుగులు వేసుకుని వచ్చాడు. తొకుజి మొదలు నుంచి నాలుగడుగులు కొలిచి, సున్నంతో గుండ్రంగా గీత గీసి, తండ్రి పారను రెండు చేతులతో అందించాడు. అధ్యక్షుడు దాన్ని ఎత్తి దించాడు. మట్టిలో టప్పుమంది.

"ఏదో గట్టిగా తగిలిందయ్యా!"

"పాత వేరండీ. మీ ఎరువుకి అడ్డం. కొట్టేయండి."

"కొట్టేయనా?"

"మీ చేత్తో తెగడం దాని అదృష్టం."

గెన్‌జో కొట్టాడు. మణికట్టు లావు వేరు రెండు ముక్కలైంది. పత్రిక వాడు ఫొటో తీశాడు. అది చూసి సంఘ సభ్యులందరూ మేమూ మేమూ అని పారలు పట్టారు. ఒకరిని మించి ఒకరు వేళ్లు నరికారు. లెక్కపెడుతూ పక్కన నిలబడిన తొకుజి ఒక్కో దెబ్బకూ "భేష్, భేష్" అంటూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి కందకం పూర్తయింది. పరుపు అనే పేరుతో తొకుజి ఏటి ఇసుక, గులకరాళ్లు పోయించి పూడ్పించాడు. బస్తాల మాట వచ్చేసరికి, "ఇంత మంచి సరుకు వానలో కొట్టుకుపోతే పాపమండీ. వానలు తగ్గేదాకా మా పెరట్లో మాగబెడతాను" అన్నాడు. ఇరవై రెండు బస్తాలు క్షౌరశాల వెనక రేకుల పంచలోకి చేరాయి.

ఆ పంచ పక్కనే హత్సుయె గుమ్మడి పాదులు పెట్టింది. ఎరువు చాలా బాగా మాగింది. శరత్కాలానికి రెండు చేతులకు అందని గుమ్మడికాయలు పెరడంతా దొర్లాయి. డిసెంబరులో పగలు బాగా కురచయ్యే రోజున ప్రతి ఇంటా గుమ్మడికాయ వండుకుంటారు కదా, హత్సుయె పేటలో ఇంటికొకటి పంచింది. అన్నింట్లోకీ పెద్దది అధ్యక్షుడి ఇంటికి వెళ్లింది. గెన్‌జో ఆ శనివారం గడ్డం కుర్చీలో వాలి, "ఇంత తియ్యటి గుమ్మడికాయ జన్మలో తినలేదయ్యా. మీ ఆవిడ ఏం వేస్తుందేమిటి?" అని అడిగాడు. తొకుజి వినపడనట్టు వేడినీళ్లు తేవడానికి వెళ్లాడు.

జనవరిలో ఒక ఎండ కాసే పూట తొకుజి నిచ్చెన వేసుకుని కొమ్మలు కత్తిరించడానికి ఎక్కాడు. ఆకు మొగ్గ సన్నగా, కొమ్మకు అంటుకుని ఉంటుంది. పూమొగ్గ బొద్దుగా బియ్యపు గింజ ఉబ్బినట్టు ఉంటుంది. నాలుగేళ్లుగా ఆయన వేలికి సన్నవే తగిలాయి. ఆ రోజు మొదటి కొమ్మ మీదే బొద్దుగా తగిలింది. పక్కది కూడా. ఆ పక్కదీ. ఆయన కత్తెర జేబులో పెట్టేసి పందిరి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తడుముకుంటూ వెళ్లాడు.

"ఏమేవ్, ఒకసారి ఇటు రా."

"ఏమైంది? పడ్డారా?"

"నిచ్చెనెక్కు."

"ఈ వయసులో నిచ్చెనలేంటండీ, చూసేవాళ్లు ఏమనుకుంటారు?" అంటూనే హత్సుయె చీపురు పడేసి ఎక్కింది. ఆయన ఆమె వేలు పట్టుకుని మొగ్గ మీద ఉంచాడు. ఆవిడ చలికి ముక్కు కారుతోందని నడుముకు కట్టుకున్న పని గుడ్డతో ముఖం తుడుచుకుంది. తొకుజి ఎండలో నిలబడి కూడా ముఖం తుడుచుకున్నాడు.

మే నెలలో ఫుజి పూసింది. చూడటానికి వచ్చిన పక్క ఊళ్ల వాళ్లతో రేవు పేట ఇరుకైంది. గుత్తుల కింద పెద్దలు నిలబడాలంటే తల వంచాల్సి వచ్చింది. ఎవరికీ తల వంచని గెన్‌జో కూడా వంచాడు. తర్వాత ఒక పెట్టె మీద నిలబడి మాట్లాడాడు. ఎరువుల శాస్త్రం గురించి, తన దూరదృష్టి గురించి, మొదటి పార గురించి చెప్పాడు. ఈ శుభసందర్భాన పందిరి పక్కన రాయి ఒకటి నిలబెడుతున్నామని, దాని మీద "నెమొతో గెన్‌జో వారి ఎరువుతో ఈ ఫుజి పునరుజ్జీవితమైనది" అని చెక్కిస్తున్నామని చెప్పాడు. రోజూ ఊడ్చినందుకు తొకుజికి కూడా సంఘం తరఫున కొత్త చీపురు ఇచ్చారు.

"అంతేకాదు! వచ్చే ఏటి నుంచి నలభై బస్తాలు!"

"ధన్యులం" అన్నాడు తొకుజి.

"నలభైకి పాదులు ఎక్కడ పెట్టనండీ?" అని హత్సుయె పక్క నుంచి గొణిగింది. ఆ మాట నలుగురైదుగురికి వినపడింది. వాళ్లందరూ డిసెంబరులో గుమ్మడికాయ తిన్నవాళ్లే. ఎవరూ ఎవరి ముఖం చూసుకోకుండా పూల కేసి చూశారు. మరుసటి ఏడు తమ పెరళ్లలో కూడా కాస్త ఎరువు మాగబెట్టడానికి అభ్యంతరం లేదని ఒక్కొక్కరే వచ్చి తొకుజితో మర్యాదగా చెప్పి వెళ్లారు. ఆ విధంగా నలభై బస్తాలూ సర్దుకున్నాయి. రాయి నిలబడింది, కారు వీధిలోనే ఉండిపోయింది, తొకుజి నిశ్చింతగా నిద్రపోయాడు.

ఆ నిశ్చింత రెండేళ్లు నడిచింది. ఒక మే నెల మధ్యాహ్నం, ఎగువ ఊరు నకాజె నుంచి సవాబె మిసె అనే ఆవిడ బస్సు దిగి వచ్చింది. యాభై దాటిన మనిషి, మట్టి పని చేసిన చేతులు. గుడ్డలో మూటగట్టిన ఊరగాయ జాడీ గడప దగ్గర పెట్టి వంగి నమస్కరించింది.

"అన్నయ్యగారూ, మా ఊరి ఫుజిని చూసుకునేది నేనేనండి. మా అత్తగారు పోతూ పోతూ నా చేతిలో పెట్టారు. ప్రతి ఏడూ పూసేది. మీ రాయి గురించి పేపర్లో చదివి మా అధ్యక్షుడు కూడా ఇక్కడి కొట్టు నుంచి ఎరువు తెప్పించారు. నిరుడు సగమే పూసింది. ఈ ఏడు ఒక్కటీ లేదు." ఆవిడ మూట ముడి సర్దింది. "మీరు సరిగ్గా ఎలా వేస్తారో చూసి నేర్చుకుని రమ్మన్నారండి. ఇంకో పది బస్తాలు కూడా పట్టుకురమ్మన్నారు. నా చేతకానితనం వల్లే తీగ పోతోందని ఊరంతా అంటోంది."

తొకుజి కత్తెర కింద పెట్టాడు. తను నోరు మూసుకున్నది గెన్‌జో ముఖం కోసమే అనుకున్నాడు. ఆ మౌనం ఏరు ఎదురెక్కి ఎక్కడో ఉన్న ఈవిడ తీగను తినేసిందని ఇప్పుడు తెలిసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"వద్దు" అన్నాడు.

వంటింట్లో మూత కింద పడింది. ఎవరో కొత్త మనిషి వచ్చాడనుకుని హత్సుయె తొంగిచూసింది.

"వద్దమ్మా. ఒక్క బస్తా కూడా వెయ్యకు. తప్పు నీది కాదు, నాది" అని మొదలుపెట్టి తొకుజి తండ్రి మాటలు, ఆరేళ్ల ఆకులు, కందకం, ఇసుక, గుమ్మడికాయలు, దేన్నీ దాచకుండా చెప్పేశాడు. చెప్పడం ఇంత తేలికని ఆయనకు అరవై ఆరో ఏట తెలిసింది.

మిసె అంతా విని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని దిగులుగా కూర్చుంది.

"మీరు చెప్పారు, నాకు అర్థమైంది అన్నయ్యగారూ. కానీ మా అధ్యక్షుడితో ఆ మాట నేనెలా అనను? మా పందిరి బోర్డు మీదా ఆయన పేరుందండి."

తొకుజి లేచి గోడకు తగిలించిన పార దించాడు. తండ్రి పిడి పట్టిన చోట నున్నగా అరిగిపోయి ఉంది. దాన్ని తుడిచి, రెండు చేతులతో ఆవిడకు అందించాడు.

"అనొద్దమ్మా. మొదటి పార ఆయన చేతే వేయించు."

హత్సుయె లోపలికి వెళ్లి ఊరగాయ జాడీకి బదులుగా గుమ్మడి గింజలు ఒక పొట్లం కట్టి తెచ్చింది.